జీతాల రోజున తప్పక విచ్చేసే దైవపిలుపు గారికి

మహారాజశ్రీ దైవపిలుపు గారికి, కోస్తాలోని ఒక మిషన్ స్కూలు తెలుగు మాస్టారు నమస్కరించి వ్రాసుకొంటున్న విన్నపం.

ఈ పని దేవుడే పిలిచి అప్పగించాడన్న నమ్మకంగా తమరు నా వద్దకు వచ్చిన మాట వాస్తవం. బీఎడ్ పూర్తిచేసి, డీఎస్సీ ప్రకటన వెలువడేదాకా కాలక్షేపానికని ఈ బడిలో చేరినవాణ్ణి. గుణింతాలు కూడబలుక్కోవడానికే తడబడే ఒక ఏడో తరగతి పిల్లవాడు వేమన పద్యాన్ని ఒక్క తప్పూ లేకుండా చదివి, ఇంకొకటి చదవనా అని అడిగిన తరువాత, ఆ ప్రకటన వచ్చినా దరఖాస్తు పెట్టబుద్ధి కాలేదు. కనుక తమ ఉనికి మీద నాకు సందేహం లేదు. నా ఫిర్యాదంతా తమరు విచ్చేసే వేళల గురించే.

ఇంక్రిమెంటు మాట ఎత్తితే చాలు, తమరు కరస్పాండెంటు గారి కుర్చీ పక్కన ప్రత్యక్షమవుతారు. “ఇది ఉద్యోగం కాదు మాస్టారూ, పరిచర్య” అని వారు సెలవిస్తారు. తమరు గంభీరంగా తల ఊపుతారు. అదే గదిలోకి కొత్త బ్లాకు కట్టిన కాంట్రాక్టరు బిల్లు పట్టుకొని వచ్చినప్పుడు మాత్రం తమరు కనబడరు. సిమెంటు అమ్మేవారికీ, బస్సులకు డీజిల్ పోసేవారికీ తమ దర్శనభాగ్యం ఎందుకు కలగదో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. బైబిలులో బాలుడైన సమూయేలును దేవుడు పిలిస్తే, తన గురువైన యాజకుడు ఏలీ పిలిచాడనుకొని మూడుసార్లు ఆయన వద్దకు పరుగెత్తాడట. మా స్టాఫ్ రూములో వ్యవహారం దీనికి తలక్రిందులు: ఆదివారం నాడు అడ్మిషన్ల ప్రచారానికి ఇంటింటికీ తిరగమని కరస్పాండెంటు గారు పిలిస్తే, అది దేవుడి పిలుపేనని మేము గ్రహించాలి.

తమరికి న్యాయస్థానాల్లోనూ మంచి పలుకుబడి ఉందని ఆలస్యంగా తెలుసుకొన్నాను. గోవాలో సన్యాసినుల సంఘం నడిపే బడిలో ఉద్యోగం పోగొట్టుకొన్న ఒక ఉపాధ్యాయిని పారిశ్రామిక వివాదాల చట్టాన్ని ఆశ్రయిస్తే, బోధన ఉన్నతమైన వృత్తి, ఒక మిషన్ వంటిది, కాబట్టి ఉపాధ్యాయులు ఆ చట్టం చెప్పే కార్మికులు కారని సుప్రీంకోర్టు 1988లో తేల్చింది. ఇంత గౌరవం దక్కినందుకు ఆమె సంతోషించిందో లేదో తీర్పులో లేదు. 2004లో గ్రాట్యుటీ చట్టం కూడా మమ్మల్ని ఉద్యోగులుగా గుర్తించలేదని అదే కోర్టు చెప్పగా, 2009లో పార్లమెంటు చట్టాన్ని సవరించి, 1997 నుంచి వర్తించేలా చేయవలసి వచ్చింది. ప్రైవేటు బడులు ఆ సవరణ మీద కూడా పోరాడి 2022లో ఓడిపోయాయి. ఆ పోరాటానికి వకీళ్లు ఫీజు పుచ్చుకోకుండా, పరిచర్యగా వాదించారని మాత్రం ఎక్కడా వినలేదు.

అమెరికాలో తమ వైభవం మరింత ఘనమైనది. మిషిగన్ రాష్ట్రంలోని ఒక లూథరన్ చర్చి బడిలో ఉపాధ్యాయులు రెండు తెగలు: మామూలువారు, దేవుడు సంఘం ద్వారా పిలిచినవారు. రెండో తెగకు చెందిన ఒక ఉపాధ్యాయిని అనారోగ్యంతో సెలవు పెట్టి, తిరిగి వస్తానన్నప్పుడు వివాదం రేగి ఉద్యోగం పోయింది. వికలాంగుల హక్కుల చట్టం కింద వేసిన దావా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రోజుకు ముప్పావు గంట మతసంబంధమైన పనులు, తక్కిన కాలమంతా లెక్కలు, భాష, సాంఘికం వంటివి బోధించిన ఆమె మతసేవకురాలే కనుక ఉద్యోగ వివక్ష చట్టం ఆమెకు అక్కరకు రాదని 2012లో తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా చెప్పారు. పిలుపు అందని మామూలు టీచరుగా ఉండిపోయి ఉంటే, ఆమె దావా నిలిచేదేమో.

“పనివాడు తన జీతమునకు పాత్రుడు” అని లూకా సువార్తలో ఉన్న వాక్యాన్ని మా ప్రార్థనా సమావేశాల్లో ఇంతవరకు ఎవరూ ప్రసంగాంశంగా తీసుకోలేదు. తమరికి అంత పలుకుబడి ఉంది గనుక, ఒక్కసారి సిఫారసు చేయగలరేమో చూడండి.

మరొక చిన్న మనవి. వచ్చే నెల యాజమాన్య కమిటీ మా జీతాల విషయం చర్చిస్తుందట. ఆ ఒక్క పూటకు తమరు దయచేసి సెలవు పెట్టండి. మరునాడు మొదటి పీరియడ్‌కు ఏడో తరగతి గదికి రండి. అక్కడ తమరితో పని ఉంది.

ఇట్లు,
తమ విధేయుడు,
ఏడవ తరగతి ‘బి’ సెక్షన్ క్లాసు టీచరు