సవరణ: ఎర్ర ట్యాబ్ మీది పెద్ద ‘ఈ’ గురించి

పాత లీవైస్ జీన్స్ ధర కట్టడం మీద రాసిన పోస్టులో "వెనక జేబు ఎర్ర ట్యాబ్ మీద ఇంగ్లీషు ‘ఈ’ పెద్దక్షరంలో ఉంటే అది 1971కి ముందుది" అనే వాక్యం ఉంది. ట్యాబ్ అంటే జేబు అంచున కుట్టే, కంపెనీ పేరు ఉన్న చిన్న గుడ్డ పట్టీ; ఆ పేరులోని ‘E’ అక్షరం గురించే ఈ మాట. దాన్ని ఇలా చదవండి: 1971కి ముందువాటికి పెద్ద ‘ఈ’ ఉంటుంది, కానీ పెద్ద ‘ఈ’ ఉన్నదల్లా పాతది కాదు. కంపెనీయే పాత మోడళ్లలాంటివి తర్వాత కొత్తగా తయారు చేసి అమ్మింది. వాటి మీదా అదే అక్షరం ఉంటుంది. ఈ తేడా తెలియక చాలా డబ్బు పోగొట్టుకునే అవకాశం ఉంది, అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను.

కొనే ముందు ప్యాంటు తిరగేసి చూడండి. ఉతికే పద్ధతి చెప్పే లేబుల్ అమెరికాలో తప్పనిసరి అయింది 1972లో. లోపల అలాంటిది కుట్టి ఉండి, అమ్మేవాళ్లు 1950ల నాటిది అంటుంటే గట్టిగా అనుమానించాల్సిందే. వెనక జేబుల రివెట్లు (కుట్టు గట్టిగా ఉండేందుకు కొట్టే లోహపు బొత్తాల్లాంటివి) బట్ట కింద దాచడం 1937లో మొదలై 1960ల దాకా సాగింది, కానీ తర్వాత కొత్తగా తయారు చేసినవాటిలో దీన్నీ అనుకరిస్తారు. ఏ ఒక్క గుర్తునూ నమ్ముకోవద్దు, అన్నీ ఒకే కాలాన్ని చూపించాలి.

కాళ్ల అంచులు కత్తిరించి మళ్లీ కుట్టి ఉంటే ధర తగ్గుతుందని ఆ పోస్టులో చెప్పిన మాటలో మార్పు లేదు.