నామరూపాల్లేని బటన్

మా ఆఫీసుకి ఆమధ్య కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది, పాతది బానే పనిచేస్తోంది కాబట్టి మార్చారు. మొదటి స్క్రీన్‌లో మొత్తం 34 బటన్లున్నాయి, ట్యాబ్ కీ కొట్టుకుంటూ ఒక్కోదాని మీదికీ వెళ్ళి నేనే లెక్కపెట్టా. అందులో హెల్ప్ పేరు హెల్ప్, లాగౌట్ పేరు లాగౌట్, ఇంకోదాని పేరు "బీటీఎన్ అండర్‌స్కోర్ ఫైనల్ న్యూ టూ", మిగతా 31 బటన్ల పేరూ బటనే. ట్యాబ్ కొడితే బటన్, ఇంకోసారి కొడితే బటన్, మళ్ళీ బటన్. నాకు చూపు లేదు, ఎన్వీడీఏ అనే స్క్రీన్ రీడర్ పెట్టుకుని పనిచేస్తా, తెరమీద ఉన్నది అది చదువుతుంటే విని కీబోర్డు మీద పని కానిస్తా, కాబట్టి ఈ 31 బటన్ల గురించి చాలా రోజులు కూర్చుని చింతన చేసి ఒక నిర్ణయానికొచ్చా. ఈ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ళు మామూలు మనుషులు కారు, వేదాంతులు.

మీరే ఆలోచించండి. మనం అజ్ఞానం కొద్దీ ఇది సేవ్, ఇది ప్రింట్, ఇది డిలీట్ అని భేదాలు పెట్టుకుని కొట్టుకుచస్తున్నాం. పేరూ మాయే, రూపమూ మాయే. ఆ రెండూ తీసేస్తే మిగిలేది ఒక్కటే, నిర్గుణమైన, నిరాకారమైన బటన్. శంకరాచార్యులవారు అంతంత భాష్యాలు రాసి చెప్పిన సంగతి ఈ కుర్రాళ్ళు ఒక్క లైను కూడా రాయకుండా చెప్పేశారు. నిజంగానే ఒక్క లైను రాయకుండా. ఎలాగంటారా, కళ్ళున్నవాళ్ళకి ఆ బటన్ మీద ఫ్లాపీ బొమ్మ కనపడుతుంది (ఫ్లాపీని జన్మలో చూడని పిల్లలు కూడా అది సేవ్ అని నమ్మి నొక్కేస్తారు, అదో భక్తి), స్క్రీన్ రీడర్ బొమ్మని చూడదు, అది బ్రౌజర్‌ని అడుగుతుంది, ఏవయ్యా ఇక్కడున్నది ఏంటి, దీని పేరేంటి అని. ఏంటి అంటే బటన్ అని చెప్తుంది బ్రౌజరు. పేరేంటి అంటే కోడ్‌లో ఎవరైనా రాసుంటే చెప్తుంది, లేకపోతే నోరు మూసుకుంటుంది. కోడ్‌లో పేరు రాయడానికి ఆరియా లేబుల్ (aria-label) అని ఒకటుంది, దాని పక్కన ఈక్వల్ పెట్టి కోట్స్‌లో సేవ్ అని రాస్తే చాలు, ఒక్క వేలితో కొట్టేవాడికైనా అరనిమిషం పని. వేదాంతి రాయడు.

ఇదేదో మా ఊళ్ళో మొదలైన మతం అనుకునేరు. వెబ్‌ఎయిమ్ అని అమెరికాలో ఒక సంస్థ ఏటా పది లక్షల వెబ్‌సైట్ల హోమ్‌పేజీల్ని మెషీన్‌తో చెక్ చేస్తుంది, 2025లో 94.8 శాతం పేజీల్లో తప్పులు దొరికాయి, అన్నిటికంటే ఎక్కువగా దొరికే ఆరు రకాల తప్పుల్లో ఈ ఖాళీ బటన్ ఒకటి. ప్రపంచమంతా అద్వైతమే, ఎటొచ్చీ మనం గమనించట్లేదు.

సరే, గురువులు అలా ఉన్నప్పుడు శిష్యుడు కూడా కొంత సాధన చెయ్యాలి కదా. ఏ బటన్ ఏం చేస్తుందో తెలుసుకోడానికి నాకు ఒకటే మార్గం, నొక్కి చూడటం. ఏడోది డిలీట్ అని ఒక ఫైలు పోయాక తెలిసింది. పంతొమ్మిదోది ఏంటో ఇప్పటికీ తెలీదు, నొక్కితే "క్లిక్కబుల్" అని ఊరుకుంటుంది, పైలోకంలో ఏదో జరిగే ఉంటుంది. ఇలా పది రోజులు తపస్సు చేసి, సేవ్ పదకొండు, ప్రింట్ పదమూడు, వెనక్కి ఇరవై రెండు అని బ్రెయిలీలో ఒక కాయితం మీద పొడిచి డ్రాయర్లో పెట్టుకున్నా. రోజుకి ఎనభై ఎంట్రీలు, ఎంట్రీకి పదకొండు ట్యాబ్‌లు, జపమాల అక్కర్లేదు.

ఒక సోమవారం పొద్దున అప్‌డేట్ వచ్చింది. పైన పండగ శుభాకాంక్షల బ్యానరు, అది మూసేయడానికి ఒక బటన్, కింద వరసలో రెండు తీసేశారు. అంటే నా పదకొండు ఇప్పుడు పదకొండు కాదు. నేను ఎప్పట్లాగే భక్తిగా పదకొండు లెక్కపెట్టి ఎంటర్ కొట్టా, గది చివర్లో ప్రింటర్ లేచింది. అది ఆ నెల ఎంట్రీలన్నీ ఒక్కసారే ప్రింటయ్యే బటన్ అంట. కాయితాలైపోతే మా అటెండరు, పాపం, కొత్త బండిల్ కూడా పెట్టాడు. సూపరింటెండెంటు గారు పరిగెత్తుకొచ్చి "ఏంటండీ ఇది, కొంచెం చూసి నొక్కొచ్చు కదా" అన్నారు. తర్వాత నాలిక్కరుచుకున్నారు, ఆ చప్పుడు స్క్రీన్ రీడర్ చదవకపోయినా వినపడింది.

కంపెనీకి టికెట్ పెట్టా. రెండు రోజులకి ఒకబ్బాయి ఫోన్ చేశాడు, చాలా మర్యాదస్తుడు. "సార్, మా దగ్గర బటన్లన్నీ బానే కనిపిస్తున్నాయి సార్." కనిపిస్తాయి నాయనా, వినిపించట్లేదు అన్నా. "అలాగా సార్, అయితే ఒక స్క్రీన్‌షాట్ పెట్టండి." ప్రింట్ స్క్రీన్ కొట్టి, అతికించి, పంపా. అందులో బటన్లు బ్రహ్మాండంగా కనిపిస్తున్నాయని టికెట్ క్లోజ్ చేసేశారు. ఆ సర్వీసుకి రేటింగ్ ఇమ్మని మెసేజ్ కూడా వచ్చింది, ఐదు నక్షత్రాలు, ఐదింటి పేరూ గ్రాఫిక్.

ప్రైవేటువాళ్ళు లాభాల గొడవలో ఉంటారు, వదిలేద్దాం. సర్కారువారి సంగతి వేరు, వాళ్ళకి 2009 నుంచీ వెబ్‌సైట్లకి మార్గదర్శకాలున్నాయి, 2023లో మూడో వెర్షన్ కూడా వచ్చింది. ఫలితంగా చాలా సైట్లలో పైన కుడిపక్క ఏ ప్లస్, ఏ, ఏ మైనస్ అని మూడు బటన్లుంటాయి, నొక్కితే అక్షరాలు పెద్దవవుతాయి, నేను చాలాసార్లు నొక్కి చూశా, అక్షరం ఎంత పెద్దదైనా నాకు అదే సైజులో వినపడుతోంది. వాటి పక్కనే నాకు బాగా ఇష్టమైన లింకు ఒకటుంటుంది, "స్క్రీన్ రీడర్ యాక్సెస్" అని. ఎంటర్ కొడితే ఒక టేబుల్ తెరుచుకుంటుంది, అంధులు ఈ సైటు చదవాలంటే ఫలానా ఫలానా స్క్రీన్ రీడర్లు వాడొచ్చు, ఇవి ఫలానా చోట దొరుకుతాయి అని. ఇది ఎవరి కోసం? స్క్రీన్ రీడర్ లేనివాడు ఆ పేజీ చదవలేడు, ఉన్నవాడికి ఆ పేజీ అక్కర్లేదు. నిష్కామకర్మ అంటే ఇదీ అని నాకు అక్కడే అర్థమైంది. పైగా ఆ లిస్టులో విండో ఐస్ అని ఒక పేరుంటుంది చూశారా, దాన్ని 2017లోనే ఆపేశారు. ఆబ్దికం పెట్టాల్సినవాడికి శుభలేఖ పంపినట్టు.

ఆ లిస్టులో ఇంకా బతికున్నవాటి గురించి ఒక మాట, ఎందుకంటే ఇవి ఎవరో దయతల్చి చేసినవని చాలామంది అనుకుంటారు. జాస్ అనే స్క్రీన్ రీడర్ మొదలుపెట్టిన టెడ్ హెంటర్ మోటార్‌సైకిల్ రేసులు నడిపినవాడు, 1978లో కారు యాక్సిడెంటులో చూపు పోయింది, తర్వాత ప్రోగ్రామింగ్ నేర్చుకుని 1989లో అప్పటి డాస్ కంప్యూటర్ల కోసం జాస్ తెచ్చాడు. ఎన్వీడీఏ 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే కుర్రాడు మొదలుపెట్టాడు, అతనికీ చూపు లేదు, స్క్రీన్ రీడర్ల రేట్లు చూసి ఒళ్ళుమండి రాసి ఉచితంగా ఇచ్చేశాడు. జాస్ కొనలేనివాళ్ళకి డెమో ఉంది, 40 నిమిషాలు మాట్లాడి ఆగిపోతుంది, మళ్ళీ మాట్లాడాలంటే కంప్యూటర్ రీస్టార్ట్ చెయ్యాలి. ఒకప్పుడు నా ఉద్యోగ జీవితమంతా 40 నిమిషాల ముక్కలుగా గడిచింది, సినిమాకి ఇంటర్వెల్ ఇచ్చినట్టు, ఆ ఇంటర్వెల్లో టీ తాగేవాణ్ణి, టీలు ఎక్కువయ్యి గ్యాస్ పట్టుకుంది, అది వేరే కథ.

తెలుగు దగ్గరికొస్తే ఇంకో లోకం. ఈస్పీక్ అనే కంప్యూటర్ గొంతు తెలుగు చదువుతుంది, మన భాషని మన పక్కింటివాళ్ళకి కూడా అర్థం కాకుండా చదవడం దాని ప్రత్యేకత, నేను పెట్టుకునే స్పీడులో అయితే మా ఇంటావిడ మిక్సీ తిరుగుతోందనుకుని కరెంటాపడానికి వచ్చింది ఒకసారి. అయినా అలవాటైతే అంత ముద్దొచ్చే గొంతు ఇంకోటి లేదు. గొడవ ఎక్కడంటే డీటీపీ సెంటర్లో. అక్కడ ఇప్పటికీ "అను" అనే పేరున్న ఫాంట్లలోనే కొడతారు, అది కంటికి తెలుగు, లోపల కంప్యూటర్ లెక్కలో ఇంగ్లీషు అక్షరాలూ గీతలూ కొమ్ములూ. మా మేనకోడలి పెళ్ళి శుభలేఖ వర్డ్ ఫైలుగా పంపాడు మా బావ, చదివించుకుంటే ఎట్ క్యాపిటల్ ఎస్, డాలర్, యెన్, టిల్డా అని అరనిమిషం వచ్చింది, పెళ్ళికొడుకు పేరు దగ్గర ప్లస్ ఆర్ మైనస్ అని చదివింది. నేను బావకి ఫోన్ చేసి "కుర్రాడి గురించి బాగా వాకబు చేశారా?" అని అడిగా.

క్యాప్చా, అంటే నువ్వు మనిషివో మెషీన్‌వో తేల్చుకోమని సైట్లు పెట్టే పరీక్ష, దాని గురించి కూడా నా దగ్గర ఒక సిద్ధాంతం ఉంది. 2015 చివర్లో ప్రధానమంత్రి గారు రేడియోలో మమ్మల్ని దివ్యాంగులు అందాం అన్నారు, అప్పట్నుంచీ ఫారాలన్నిటిలో మేం దివ్యాంగులమే. అంగం దివ్యమైనప్పుడు దృష్టి కూడా దివ్యమే అయ్యుంటుందని పోర్టళ్ళవాళ్ళు లెక్కేసుకుని, వంకరటింకర అక్షరాల మీద గీతలు కొట్టి, ఇదేంటో చెప్పు అంటున్నారు. మహాభారతంలో దివ్యదృష్టి ఇచ్చింది సంజయుడికండీ, ధృతరాష్ట్రుడికి కాదు. ధృతరాష్ట్రుడు చక్కగా కూర్చుని అడిగాడు, సంజయుడు వరసపెట్టి చెప్పాడు, మధ్యలో ఎక్కడా "గ్రాఫిక్, గ్రాఫిక్, అన్‌లేబుల్డ్" అనలేదు. కొన్నిచోట్ల ఆడియో క్యాప్చా పెడతారు, బావిలోంచి అరిచినట్టు అంకెలు వస్తాయి, మనం మొదటి అంకె కొట్టగానే స్క్రీన్ రీడర్ "సెవెన్" అని గట్టిగా చెప్తుంది, ఈలోపు రెండోది దాటిపోతుంది. అది కొట్టి ముగించేలోపు సెషన్ ఎక్స్‌పైర్.

కోర్టులు కూడా ఊరుకోలేదు లెండి. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, రూల్స్ 2017లో వచ్చాయి, ఆ రూల్స్‌లో అందుబాటు ప్రమాణాల గురించి చెప్పే 15వది పాటించి తీరాలన్నట్టు లేదు, సలహా ఇచ్చినట్టుంది, చెల్లదు అని సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న కొట్టేసి, మూడు నెలల్లో పాటించక తప్పని ప్రమాణాలు తెమ్మంది. 2025 ఏప్రిల్ 30న ఇంకో తీర్పు, బ్యాంకు కేవైసీలో ఫోన్ ముందు కళ్ళు ఆర్పి బతికున్నట్టు నిరూపించుకోమంటే యాసిడ్ దాడిలో కళ్ళు పోయినవాళ్ళు ఏం ఆర్పాలి అని ప్రశ్న, డిజిటల్‌గా అందుబాటులో ఉండటం జీవించే హక్కులో భాగమని జవాబు, 20 ఆదేశాలు. నాకు ఈ తీర్పులంటే చాలా గౌరవం. ఆ తర్వాత మా ఆఫీసుకి కూడా పైనుంచి ఒక సర్క్యులర్ వచ్చింది, దివ్యాంగ ఉద్యోగులకి డిజిటల్ సౌకర్యాలు కల్పించడం గురించి. తెరిస్తే ఎన్వీడీఏ ఖాళీ డాక్యుమెంట్ అంది. ఎవరో ప్రింటు తీసి, సంతకం పెట్టి, మళ్ళీ స్కాన్ చేసి బొమ్మగా మార్చారు, అదీ కొంచెం పక్కకి వాల్చి. పక్క సీటాయన చదివి పెట్టారు, రెండో పేజీ తలకిందులుగా ఉందని మెడ తిప్పుకుంటూ చదివారు, ఆయనకి రెండు రోజులు మెడ పట్టేసింది.

ఆ పక్క సీటాయన మంచివారే, కానీ నా తెర నాకంటే ఎక్కువగా చదువుతారు. "ఓహో, మీ బావమరిదికి లోన్ రాలేదా మేస్టారూ" అంటారు, మెయిలు నేనింకా సగం విననేలేదు. అందుకని ఎన్వీడీఏలో స్క్రీన్ కర్టెన్ అని ఒకటుంటే ఆన్ చేసి పెట్టుకున్నా, తెర నల్లగా అయిపోతుంది, లోపల పని మామూలే. ఆమధ్య ఒక శుక్రవారం సెలవు పెట్టా. ఏదో ఫైలు కావాలని ఎవరో నా సీటు దగ్గరికొచ్చి చూస్తే తెర చీకటి. మేస్టారి మానిటర్ పోయిందన్నారు. హార్డ్‌వేర్ అబ్బాయి వచ్చి వైరు మార్చాడు, ప్లగ్గు మార్చాడు, వెనక రెండు దెబ్బలేశాడు, ఎంతకీ వెలగలేదు, గేట్ పాస్ రాయించి మానిటర్ రిపేరుకి పట్టుకుపోయాడు.

నేను సోమవారం వచ్చి కూర్చున్నా, పనిచేసుకున్నా. మంగళవారం, బుధవారం కూడా. గురువారం మధ్యాహ్నం టీ గ్లాసు ఎప్పట్లాగే మానిటర్ కింది అంచుకి ఆనిద్దామని తోస్తే అది జారుకుంటూ పోయి వెనక గోడకి తగిలి ఆగింది.

"ఇక్కడ మానిటర్ ఉండాలి కదండీ?"

"రిపేరుకెళ్ళింది కదా మేస్టారూ, మీకెవరూ చెప్పలేదా? అయినా నాలుగ్రోజుల్నుంచీ మానిటర్ లేకుండా ఎలా చేస్తున్నారండీ పని?"

సూపరింటెండెంటు గారు ఈ సంగతి విని కదిలిపోయారు. ఒక దివ్యాంగ ఉద్యోగి నాలుగు రోజులు మానిటర్ కూడా లేకుండా నోరెత్తకుండా పనిచేశాడని నోట్ పెట్టారు, ఫైలు ఎప్పుడూ లేనంత వేగంగా కదిలింది, సర్క్యులర్‌లో చెప్పిన సౌకర్యాల పద్దు కింద నాకు 27 అంగుళాల కొత్త మానిటర్ శాంక్షన్ అయింది. ఫ్లోర్ మొత్తంలో అంత పెద్దది ఇంకోటి లేదట. బిగించిన రోజు అందరూ వచ్చి చూశారు, స్వీట్లు పంచమన్నారు, పంచాను. అందినట్టు సాఫ్ట్‌వేర్లో కన్‌ఫర్మ్ చెయ్యాలన్నారు. తెరిచి ట్యాబ్ కొట్టా. బటన్. ఇంకోసారి కొట్టా. బటన్. ఒకటి యాక్సెప్ట్, ఒకటి రిజెక్ట్ అంట, ఏది ఏదండీ అని పక్క సీటాయన్ని అడిగా.

"ఆ ఆకుపచ్చది నొక్కండి మేస్టారూ, ఇప్పుడు ఎంత పెద్దగా కనిపిస్తోందో చూడండి!"