ఎద్దుకు దక్కిన మధ్యాహ్నం మనిషికి ఎప్పుడు?

ఏప్రిల్ వచ్చిందంటే ఫోనులో ఆ సందేశం మోగుతుంది. పగలు 11 నుంచి 4 వరకు బయటికి రావద్దు, నీళ్లు ఎక్కువగా తాగండి, లేత రంగు నూలు బట్టలు వేసుకోండి, తలకు గుడ్డ చుట్టుకోండి. అందులో తప్పుపట్టాల్సిన మాట ఒక్కటీ లేదు. కిందటి వేసవిలో ఒక మధ్యాహ్నం ఆ సందేశం వచ్చేసరికి నేను గుంటూరులో మా ఇంటి కిటికీ దగ్గర నిలబడి ఉన్నాను. ఎదురుగా కడుతున్న అపార్టుమెంటు మూడో అంతస్తు మీద ఇద్దరు కడ్డీ కడుతున్నారు. వాళ్లలో పెద్దాయన ఇనుప కడ్డీని ముట్టుకునే ముందు చెంబుతో దాని మీద నీళ్లు పోస్తున్నాడు. తడిసిన చోటు చూస్తుండగానే ఆరిపోతోంది. ఆరేలోగా దాన్ని ఎత్తి, సర్ది, తీగ బిగించాలి. అరచేతులకు గోనె పీలికలు చుట్టుకున్నాడు. ఆయన జేబులోనూ ఫోను ఉండే ఉంటుంది. అదే సందేశం ఆ జేబులోనూ మోగే ఉంటుంది.

ఎండదెబ్బను మనం ఆరోగ్యశాఖకు అప్పగించి చేతులు దులుపుకున్నాం. నా దృష్టిలో అది ముందుగా పనివేళల సమస్య. తీవ్రమైన ఎండల రోజుల్లో మధ్యాహ్నం కనీసం మూడు గంటలు ఆరుబయట పని ఆగాలి. ఆ మూడు గంటల పేరు చెప్పి కూలి కోయకూడదు. ఇది సలహాగా వస్తే చాలదు, ఉల్లంఘించినవాడికి జరిమానా పడే ఉత్తర్వుగా రావాలి. చలివేంద్రాలు, ఓఆర్ఎస్ పొట్లాలు, కరపత్రాలు దాని తర్వాతి మాట. (కుండ కంటే దాని వెనకున్న ఫ్లెక్సీ పెద్దదిగా ఉండే చలివేంద్రాల గురించి ఇంకోసారి మాట్లాడుకుందాం.)

రెంటచింతల పేరు వింటేనే ఒళ్లు చెమర్చే ప్రాంతం మనది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. 2003లో ఉమ్మడి రాష్ట్రంలో మూడు వేల మందికి పైగా ఎండలకు బలయ్యారు. 2015లో విడిపోయిన ఆంధ్రప్రదేశ్‌లోనే ప్రభుత్వ లెక్క 1,300 దాటింది. ఆ ఏడు మృతుల కుటుంబాలకు లక్ష రూపాయల చొప్పున సాయం ప్రకటించారు. మంచిదే. పోయిన మనిషికి లక్ష ఇవ్వడానికి ఖజానాలో దారి ఉంది. బతికున్న మనిషికి మూడు గంటల నీడ ఇవ్వడానికి మాత్రం లేదు.

ఇప్పుడు నన్ను కొంతకాలంగా నిద్రపోనివ్వని సంగతి చెబుతాను. బండి లాగే, బరువు మోసే జంతువుల మీద క్రూరత్వాన్ని నివారించేందుకు కేంద్ర ప్రభుత్వం 1965లో నియమావళి తెచ్చింది. ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటే ప్రాంతాల్లో మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎద్దును బండికి కట్టకూడదని అందులో స్పష్టంగా రాసి ఉంది. గుర్రానికీ గాడిదకూ కూడా అంతే. చదివినప్పుడు మొదట ముచ్చటేసింది. అరవై ఏళ్ల కిందట ఢిల్లీలో కూర్చున్న ఒక గుమస్తా ఎద్దు కష్టాన్ని గడియారం పెట్టి కొలిచాడు. ఎంత వేడి, ఏ గంట నుంచి ఏ గంట వరకు అని తేల్చి రాశాడు. ఆ తర్వాత ముచ్చట పోయి మనసు చేదైపోయింది. గుంటూరులో ఏప్రిల్, మే నెలల్లో 37 దాటని మధ్యాహ్నాలు వెతుక్కోవాలి. అంటే ఆ నియమం ప్రకారం మన ఎద్దుకు దాదాపు వేసవంతా మధ్యాహ్నం సెలవే. ఎద్దుబండ్లు పోయాయి, తోపుడుబండ్లు వచ్చాయి. కాడి కింద ఎద్దు మెడ ఉండే చోట మనిషి భుజం వచ్చింది. భుజం మారగానే నియమం చెల్లకుండా పోయింది.

మధ్యాహ్నమే ఎందుకని అడిగేవారికి ఒంటి సంగతి కొంచెం చెప్పాలి. కండరం పనిచేసేటప్పుడు ఖర్చుపెట్టే శక్తిలో సుమారు నాలుగో వంతే పనిగా మారుతుంది, మిగతాదంతా వేడి. తట్ట మోసే మనిషి నడిచే పొయ్యి. చుట్టూ ఉన్న గాలి ఒంటి కంటే వేడెక్కాక ఆ వేడిని వదిలించుకోవడానికి మిగిలేది చెమట ఒక్కటే, అది కూడా ఆరితేనే. పడమటి వడగాలి వీచే రోజు చెమట ఆరుతుంది గానీ ఒంట్లో నీరు తోడుకుపోతుంది. కృష్ణ మీదుగా, సముద్రం వైపు నుంచి తేమ చేరి ఉక్కపోసే రోజు చెమట కారుతుంది, ఆరదు. అందుకే బెజవాడలో ఉక్కపోతతో కూడిన 40 డిగ్రీలు ఒక్కోసారి పొడిగా ఉన్న 44 కంటే ప్రాణాంతకం. లోపల పుడుతున్న వేడిని ఆపకుండా నీళ్లు మాత్రమే తాగిస్తే, పొయ్యి ఆర్పకుండా గిన్నెలో నీళ్లు పోసినట్టే. పొయ్యి ఆర్పడమంటే పని ఆపడం.

రాత్రి అయినా తేరుకుంటారా అంటే, మొగల్రాజపురం, గుణదల కొండవాలున ఉన్న రేకుల ఇళ్లలో పడుకుని చూడాలి. పగలంతా కాగిన రాయి తెల్లవారుజాము దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. నిన్నటి అలసట తీరని ఒళ్లే ఈ రోజు మళ్లీ ఎండకెక్కుతుంది. ఇక కొత్తగా పనిలో చేరినవారికి మొదటి వారం మరీ గండం. ఒళ్లు ఎండకు అలవాటుపడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. మేస్త్రీ మాత్రం మొదటి రోజే పూర్తి పని అడుగుతాడు.

పని చోట జరిగే ఒక పొరపాటు ప్రాణాలు తీస్తోంది. వడదెబ్బ ముదిరిన మనిషి మొదట చూపించే లక్షణం మాట తడబడటం, అడుగు తూలడం, సంబంధం లేకుండా కసురుకోవడం. పక్కవాళ్లు ‘మధ్యాహ్నమే తాగొచ్చాడు’ అనుకుని గోడ పక్కన కూర్చోబెట్టి పోతారు. ఆ అరగంటే ఆయన ప్రాణం. నీడకు చేర్చాలి, బట్టలు వదులు చేయాలి, ఒళ్లంతా నీళ్లు గుమ్మరించి విసరాలి, మెడకూ చంకలకూ గజ్జలకూ తడిగుడ్డలు పెట్టాలి, 108కి ఫోను చేయాలి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు. బండి వచ్చేదాకా చల్లబరచడం ఆపకూడదు.

నీళ్లు తాగమనే సలహా దగ్గర మరో నిజం ఎదురవుతుంది. కట్టడాల దగ్గర ఇటుకలు మోసే ఆడవాళ్లను అడిగి చూడండి. చాలామంది పొద్దున్నుంచి సాయంత్రం దాకా గొంతు తడుపుకోవడమే తప్ప కడుపునిండా నీళ్లు తాగరు. వెళ్లడానికి మరుగుదొడ్డి లేదు కాబట్టి. యాభై ఫ్లాట్లు, యాభైకి రెట్టింపు స్నానాల గదులు కట్టే చోట, కట్టే మనిషికి ఒక్కటీ ఉండదు. ఆమెకు అవగాహన లేదనే పెద్దమనిషి ఎవరైనా ఉంటే ఒక్కరోజు ఆమె తట్ట అందుకోవాలి.

నిప్పు సంగతి కూడా ఇదే గంటల్లో ఉంది. పగటి గాలిలో తేమ అట్టడుగుకు పడిపోయేదీ, గాలి విసురు పెరిగేదీ మధ్యాహ్నమే. మా నాయనమ్మ వైశాఖం వచ్చిందంటే పొద్దు నడినెత్తికి రాకముందే వంట ముగించి, పొయ్యిలో నిప్పుల మీద నీళ్లు చల్లేది. తాటాకు ఇంటి పక్కన గడ్డివాము, దాని పక్కన ఇంకో తాటాకు ఇల్లు. మిట్టమధ్యాహ్నం ఎగిరే ఒక్క రవ్వ ఎంత దూరం పోతుందో ఆమెకు తెలుసు. ఇప్పుడు అదే గంటలో మనం రేకుల షెడ్ల మీద వెల్డింగు చేయిస్తున్నాం, పొలాల్లో మొక్కజొన్న మోళ్లు తగలబెడుతున్నాం. గుంటూరు చుట్టూ ఉన్నవేమో ఎండిన మిరప, గోనె సంచులు, పత్తి. మిరపకాయ బస్తాల్లో పడిన నిప్పు లోలోపల రాజుకుంటూ పోతుంది. దాని పొగ ఘాటుకు నీళ్లు కొట్టేవాళ్లే నిలబడలేరు. ఏటా ఏప్రిల్ 14 నుంచి అగ్నిమాపక వారోత్సవాలు జరుపుతాం. 1944లో అదే తేదీన బొంబాయి రేవులో ఓడలోని పత్తి బేళ్లకు అంటుకున్న నిప్పు పేలుడు పదార్థాలకు పాకి మహా విధ్వంసం జరిగింది, ఆర్పడానికి వెళ్లిన సిబ్బంది ఎందరో చనిపోయారు. వారోత్సవంలో దండలు వేస్తున్నాం గానీ, ఎండ తీవ్రంగా ఉన్న రోజు మధ్యాహ్నం ఆరుబయట నిప్పురవ్వలు లేచే పని ఆపమని మాత్రం చెప్పడం లేదు. పని ఆపితే మనిషి ఒళ్లూ చల్లబడుతుంది, బస్తాకు రవ్వా తగలదు.

మనకు ఆపడం తెలియక కాదు. ఆసియాలోనే పెద్దదని చెప్పుకునే మన మిర్చి యార్డు ఏటా మే నెలలో ఎండల పేరు మీద దాదాపు నెల రోజులు సెలవు తీసుకుంటుంది. కోట్ల వ్యాపారం ఆగుతుంది, ఎవరి కొంపా మునగదు. సరుకు పది డిగ్రీల లోపు చల్లదనంలో కోల్డ్ స్టోరేజీల్లో హాయిగా పడుకుంటుంది. టిక్కీకి, అంటే మిర్చి బస్తాకు, ఇంతని కూలి తీసుకునే హమాలీకి మాత్రం టిక్కీ కదలని నెలలో రూపాయి రాదు. కాయకు చలువ, మనిషికి ఆకలి.

అవతలి పక్షం వాదన ఊహించగలను. వానలు పడేలోగా పని ముగియాలి, ఇంటి యజమాని ఊరుకోడు, కూలీలే మూడు గంటలు పోగొట్టుకోవడానికి ఒప్పుకోరు అంటారు. మూడో మాటలో నిజం ఉంది, కూలి కోస్తే ఎవరూ ఒప్పుకోరు. కోయమని ఎవరు చెప్పారు? పొద్దున 6 నుంచి 11, మళ్లీ 4 నుంచి 7. అయిదూ మూడూ ఎనిమిది. ఆటోల్లో పాతిక కిలోమీటర్ల దూరం నుంచి వచ్చేవారు ఆ మధ్యలో ఎక్కడికి పోతారన్నది అసలైన చిక్కు. దానికి జవాబు పని చోటే ఒక పందిరి, ఒక కుండ, ఒక మరుగుదొడ్డి. కేరళలో కార్మిక శాఖ ఏటా వేసవిలో మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎండలో పని నిలిపివేస్తూ ఉత్తర్వు ఇస్తుంది, ఎనిమిది గంటలను ఉదయం 7కీ సాయంత్రం 7కీ మధ్య సర్దుకోమంటుంది. యూఏఈలో జూన్ 15 నుంచి మూడు నెలలు మధ్యాహ్నం 12.30 నుంచి 3 వరకు నిషేధం. ఖతార్ 2021 నుంచి దాన్ని ఉదయం 10 నుంచి 3.30 వరకు పెంచింది. మన మనిషి ఎడారి దేశానికి పోతే అక్కడి చట్టం అతనికి మధ్యాహ్నం నీడ ఇస్తుంది. సొంత ఊళ్లో మనం అతని ఫోనుకు సందేశం పంపుతాం.

ప్రైవేటు మేస్త్రీలను నిందించి ఊరుకోవడం తేలిక. గుంటూరు, బెజవాడ నగరాల చుట్టూ ఎండలో పని చేయించేవాళ్లలో ప్రభుత్వానిదే పెద్ద చెయ్యి. డెల్టా కాలువలు కట్టేసే వేసవిలోనే వాటి మరమ్మతులు జరుగుతాయి, రోడ్లూ అప్పుడే. 2025 మే 2న, సరిగ్గా మండే ఎండల్లో, అమరావతి పనులు పునఃప్రారంభమయ్యాయి. రాజధాని గురించి మనం భూముల మాట, అప్పుల మాట, నమూనాల మాట ఎడతెగకుండా మాట్లాడుకుంటాం. దాన్ని కట్టే చేతుల మాట వినిపించదు. సిమెంటు ఏ కంపెనీది, కడ్డీ ఎన్ని మిల్లీమీటర్లు, ఆలస్యమైతే రోజుకు ఎంత జరిమానా, అన్నీ టెండరు పత్రంలో ఉంటాయి. ఈ దేశంలో చట్టం కంటే టెండరు షరతు వేగంగా అమలవుతుంది, ఎందుకంటే బిల్లు దాని మీద ఆధారపడి ఉంటుంది. మధ్యాహ్న విరామం లేని రోజు బిల్లు ఆగుతుందని ఒక్క వాక్యం చేర్చడానికి శాసనసభ కూడా అక్కర్లేదు, ఒక సంతకం చాలు.

ఆ పత్రాల్లో వేడి గురించి ఇప్పటికే ఒక షరతు ఉంటుంది, కాకపోతే అది కాంక్రీటు గురించి. 1975లో వచ్చిన భారతీయ ప్రమాణం ఐఎస్ 7861 ప్రకారం, పోసేటప్పుడు కాంక్రీటు వేడి 40 డిగ్రీలు మించకూడదు. మించితే పగుళ్లొస్తాయి. అందుకే మే నెలలో తెలిసిన ఇంజినీరు పగటిపూట స్లాబు పోయనివ్వడు. మా ఎదుటి అపార్టుమెంటులోనూ కడ్డీ కట్టడం మిట్టమధ్యాహ్నం జరిగింది, స్లాబు మాత్రం రాత్రి లైట్లు పెట్టి పోశారు. మర్నాటి నుంచి దాని మీద మడులు కట్టి, తడి గోనె సంచులు కప్పి, పూటపూటా నీళ్లు పట్టారు. మూడో రోజు మధ్యాహ్నం కిటికీలోంచి చూస్తే, కడ్డీ కట్టిన పెద్దాయన ఆ గొట్టాన్ని పట్టుకుని స్లాబుకు నీళ్లు పెడుతున్నాడు. అటూ ఇటూ చూసి ఒక్క క్షణం దాన్ని తన తల మీదికి తిప్పుకున్నాడు. కింద నుంచి ఎవరో కేకేశారు. గొట్టం మళ్లీ స్లాబు వైపు తిరిగింది.