విశాఖ తీసుకెళ్లాలా, వద్దా?

ఆంధ్రా సరిహద్దున ఒడిశాలో ఉన్న మన పర్లాకిమిడిలోనో గుణుపురంలోనో డాక్టరు "మా చేతుల్లో లేదు, విశాఖ తీసుకెళ్లండి" అనగానే ఇంట్లో పరుగు మొదలవుతుంది. గుండెపోటు వచ్చిన యాభై ఏళ్ల మనిషి, బండి మీంచి పడి తలకు దెబ్బ తగిలిన కుర్రాడు... వీళ్ల విషయంలో ఆలోచన అక్కర్లేదు, బయల్దేరాల్సిందే. కానీ కాన్సర్ ఒళ్లంతా పాకినవాళ్లని, ఏళ్లుగా మంచం దిగనివాళ్లని, మతిమరుపు ముదిరి కన్నపిల్లల్ని గుర్తుపట్టనివాళ్లని కూడా అదే పరుగున ఐసీయూలో పడేస్తున్నాం. ఎందుకంటే రేపు పదకొండో రోజు భోజనాల దగ్గర "ఇంకాస్త చూసుంటే బతికేవారేమో" అని ఎవరైనా అంటారని భయం.

ఆ మాట మూడేళ్లుగా పక్కబట్టలు మార్చిన కోడలు అనదు. సూరత్ నుంచి ఫోన్లో "ఎంతైనా సరే పెట్టండి" అనే కొడుకు అంటాడు. అతన్ని తిట్టి లాభం లేదు. దగ్గరుండి చేసుకోలేకపోయిన బాధనంతా డబ్బుతో తీర్చుకోవాలని చూస్తాడు, మనిషి స్వభావమే అంత. పశ్చాత్తాపం మీద గిలోవిచ్, మెద్వెక్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1995లో ఒక వ్యాసం రాశారు. చేసిన తప్పు అప్పటికప్పుడు ఎక్కువ బాధపెడుతుందట, చెయ్యకుండా వదిలేసింది మాత్రం ఏళ్ల తరబడి తొలుస్తుందట. ఐసీయూ గుమ్మంలో ఎవరికీ "వద్దు" అని నోరు రాకపోవడానికి కారణం అదే. మనం వదిలేసిన అసలు పని ఏమిటంటే, ఆ మనిషి మాట్లాడగలిగిన రోజుల్లో "నీకేం కావాలి" అని అడగడం.

ఊపిరి యంత్రం కోసం గొంతులో గొట్టం పడ్డాక అడగడానికి ఏమీ ఉండదు. మత్తులో ఉంచుతారు, గొట్టం లాగేసుకుంటారని చేతులు కట్టేస్తారు, వారం పది రోజులు దాటితే మెడ దగ్గర రంధ్రం చెయ్యాలంటారు. ఈలోగా పొలం తాకట్టు పడుతుంది. చివరికి "మా ఇష్టప్రకారమే తీసుకెళ్తున్నాం" అని సంతకం పెట్టి, అంబులెన్సులో చేత్తో గాలి సంచి నొక్కుకుంటూ వెనక్కి రావడం. ఇది చాలా ఇళ్లలో జరిగేదే.

డాక్టర్ని "బతుకుతారా" అని అడిగితే "ప్రయత్నిద్దాం" అనే జవాబే వస్తుంది. ఈ జబ్బులో నయమయ్యేది ఎంత, యంత్రం తీశాక సొంతంగా ఊపిరి తీసుకోగలరా, లేచి కూర్చుని తినే స్థితికి వస్తారా అని అడగండి. మూడు రోజుల్లో మార్పు లేకపోతే ఏం చేస్తారో మొదటి రోజే తేల్చుకోండి. గడువు పెట్టుకుని వైద్యం మొదలుపెట్టడంలో తప్పేమీ లేదు.

ఇంట్లో పెద్దవాళ్లని ఎలా అడగాలంటారా? వీధిలో ఎవరైనా ఆసుపత్రిలో పోయినప్పుడు "ఆ మావకి గొట్టాలేశారట, నీకైతే ఏం చెయ్యమంటావమ్మా" అనండి చాలు. చాలామంది ఎప్పుడో ఆలోచించుకునే ఉంటారు. ఆ జవాబు ఫోన్ స్పీకర్లో పెట్టి సూరత్ కొడుక్కి కూడా వినిపించండి.

తర్వాత కాగితం మీద పెట్టండి. తనకు ఏ వైద్యం వద్దో ముందే రాసిపెట్టుకునే హక్కుని సుప్రీంకోర్టు 2018 మార్చిలో గుర్తించింది, 2023 జనవరిలో పద్ధతి తేలిక చేసింది. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గజిటెడ్ అధికారి, తన తరఫున మాట్లాడేవాళ్ల పేర్లు ఉండాలి. ఆ కాగితాన్ని అమలు చెయ్యాలంటే ఆసుపత్రిలో రెండు వైద్య బోర్డులు ఒప్పుకోవాలి. కాగితం లేకపోయినా ఇంటివాళ్ల సమ్మతితో అదే దారి ఉంది. తీర్పు దేశమంతటికీ కాబట్టి ఒడిశాలో రాసింది ఆంధ్రాలోనూ చెల్లుతుంది. కాకపోతే ఒడియాలో రాస్తే విశాఖ డాక్టరు చదవలేడు, ఇంగ్లీషులో కూడా రాయించండి.

ఇంటికి తెచ్చుకోవడాన్ని "వదిలేశారు" అంటారే, అక్కడ నాకు మండుతుంది. రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం, తడిగుడ్డతో నోరు తుడవడం, పెదాలకి కొబ్బరినూనె రాయడం ఏ ఐసీయూ పనికీ తీసిపోదు. కాన్సర్ నొప్పికి మార్ఫిన్ మాత్ర సాధారణంగా నాలుగు గంటలకోసారి ఇస్తారు. మలబద్ధకం ఖాయం కాబట్టి మొదటి రోజు నుంచే దానికీ మందు అడగాలి. మార్ఫిన్ వీధి చివర మందుల షాపులో దొరకదు, పెద్దాసుపత్రి నుంచి బయల్దేరేటప్పుడే రాయించుకుని తెచ్చుకోవాలి. మింగలేని గొంతులో గంజి పొయ్యకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సెలైన్ ఎక్కించమని చుట్టాలు పోరు పెడతారు. చివరి రోజుల్లో ఒళ్లు ఆ నీటిని తట్టుకోలేదు, వాపు, ఆయాసం పెరుగుతాయి. గొంతులో గురగురమంటే పక్కకి తిప్పి పడుకోబెట్టండి.

ఇంకో సంగతి, సరిహద్దువాళ్లం కాబట్టి. మరణం ఎక్కడ జరిగితే అక్కడే 21 రోజుల్లో నమోదు చేయించాలి. ఇంట్లో పోతే మన మున్సిపాలిటీలోనే పని అయిపోతుంది, విశాఖలో పోతే అక్కడి కార్పొరేషనులో. నడుస్తున్న బండిలో పోతే ఆ బండి మొదట ఆగిన చోట తెలపాలి. అది పాతపట్నం అయితే ఆంధ్రాలో, మహేంద్రతనయ నది దాటి వచ్చాక అయితే ఒడిశాలో.