యారో పూలమొక్క గురించి తిరుగుతున్న ఆ మెసేజ్ నమ్మి మొక్కలు నాటకండి

అమెరికాలో ఇంటి వెనక తోట పెంచుకునే మన తెలుగువాళ్ళ గ్రూపుల్లో, మంచు కరగడం మొదలవగానే ఒక మెసేజ్ చక్కర్లు కొడుతుంది. యారో ఒక్కసారి నాటితే మళ్ళీ ముట్టుకోనక్కర్లేదట, నీళ్ళు అసలు వద్దట, కంపోస్టు దండిగా వేస్తే విరగబూస్తుందట, మొగ్గ మీదే కోస్తే వేజ్‌లో ఎక్కువ రోజులుంటుందట, ఏ రంగు పువ్వైనా ఎండబెడితే రంగు పోదట, హైదరాబాద్‌లో మేడ మీద కుండీలో కూడా ఏళ్ళ తరబడి బతుకుతుందట. న్యూజెర్సీలో మా పెరట్లో నేను ప్రేమగా పెంచుకుంటున్న మొక్క ఇది. ఈ మెసేజ్ చూసి నాటినవాళ్ళు చివరికి మొక్కనే తిట్టుకుంటుంటే బాధేస్తుంది.

ముందు కోత సంగతి చెప్తాను, ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే. గులాబీ, గ్లాడియోలస్ మొగ్గ మీద కోసినా నీళ్ళలో విచ్చుకుంటాయి. యారో అలా కాదు. పైకి ఒకే పువ్వులా కనిపించే ఆ బల్లపరుపు గుత్తి నిజానికి బోలెడన్ని చిట్టి పూల గుంపు, అవన్నీ విచ్చుకుని పుప్పొడి కంటికి కనపడేదాకా కాడకి గట్టిదనం రాదు. తొందరపడి కోస్తే కాసేపటికే తల వాల్చేస్తుంది, చాలాసార్లు ఇక లేవదు కూడా. గుత్తికి జానెడు కింద కాడను రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా ఊపి చూడండి. తల అటూ ఇటూ తూలితే ఇంకో రెండు మూడు రోజులు ఆగాలి, నిటారుగా నిలబడితే కత్తెర పెట్టొచ్చు. అలా కోసి, కింది ఆకులు దూసేసి, నీళ్ళు మారుస్తూ ఉంటే వారం రోజులు హాయిగా ఉంటాయి.

కంపోస్టు దండిగా అన్నది పూర్తిగా తప్పు. నత్రజని ఎక్కువైతే ఆకు ఏపుగా వస్తుంది, కాడలు మెత్తబడతాయి, ఒక్క గట్టి వానకి మడి మొత్తం నేలకి ఒరిగిపోతుంది. దీనికి కావలసింది సారం తక్కువ నేల, రోజుకి కనీసం 6 గంటల ఎండ.

నీళ్ళు వద్దు అన్నది సగం నిజం. వేళ్ళూనుకునే మొదటి ఏడాది తడి ఆరకుండా చూసుకోవాలి, ఆ తర్వాత కరువుని బాగానే తట్టుకుంటుంది. దాన్ని చంపేది ఎండ కంటే, శీతాకాలంలో వేళ్ళ దగ్గర నీళ్ళు నిలిచే బంకమట్టి. ఉక్కపోత రోజుల్లో మొక్కలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉంటే బూడిద తెగులు కూడా పడుతుంది, కాబట్టి మధ్యలో అడుగున్నర, రెండడుగులు వదలండి.

ఇక ఎండబెట్టడం. పసుపు రంగు యారో, అంటే అకిలియా ఫిలిపెండ్యులినా రకం 'గోల్డ్ ప్లేట్', దాని సంకరమైన 'కరోనేషన్ గోల్డ్' లాంటివి ఎండినా బంగారు రంగు బాగా నిలుస్తుంది. 'పాప్రికా', 'సెరీజ్ క్వీన్' లాంటి ఎరుపు, గులాబీ రంగులవి అలా కాదండీ, చెట్టు మీదే వెలిసిపోతూ ఉంటాయి, ఎండితే ఇంకా పాలిపోతాయి. అవి కూడా అందంగానే ఉంటాయి, కానీ ఎర్రటి దండ కోసం పెంచితే నిరాశే. ఎండబెట్టేందుకైతే గుత్తి పూర్తిగా విచ్చుకున్నాక, మంచు తడి ఆరాక కోయాలి. చిన్న కట్టలు కట్టి చీకటిగా, గాలి ఆడే చోట తలకిందులుగా వేలాడదీయాలి, రెండు మూడు వారాలు పడుతుంది. కట్టకి దారం కాకుండా రబ్బర్ బ్యాండ్ వేయండి, కాడలు ఎండి సన్నబడ్డా జారిపోవు. జూలైలో ఇక్కడి గరాజ్‌లో పెడితే తేమకి బూజు పట్టడం ఖాయం, డీహ్యుమిడిఫయర్ ఉన్న బేస్‌మెంట్ అయితే మంచిది.

ముట్టుకోనక్కర్లేదు అంటారు కదా, మామూలు యారో నేల కింద పాకుతూ పిలకలు వేస్తుంది, పక్క మొక్కల చోటు ఆక్రమిస్తుంది. ఏళ్ళు గడిచేకొద్దీ గుబురు మధ్యలో బోసిపోతుంది కూడా. రెండు మూడేళ్ళకోసారి వసంతంలో తవ్వి, విడదీసి, అంచున ఉన్న బలమైన పిలకలు మళ్ళీ నాటాలి. ఇంట్లో కుక్క గానీ పిల్లి గానీ ఉంటే తినకుండా చూసుకోండి, వాటికి ఇది విషం.

హైదరాబాద్ మాటకొస్తే, భారతదేశంలో ఇది హిమాలయాల్లో, కశ్మీర్ నుంచి ఉత్తరాఖండ్‌లోని కుమావూన్ దాకా పెరుగుతుంది. గడ్డకట్టే చలిని తట్టుకునే మొక్క ఇది, 40 డిగ్రీల మే నెలా, దాని వెనకే వచ్చే వానాకాలపు తేమా దీనికి పడవు. అక్కడ చలికాలంలో సరదాగా ప్రయత్నించొచ్చు, ఏళ్ళ తరబడి ఉంటుందని మాత్రం అమ్మావాళ్ళకి ఆశ పెట్టకండి. ఎండు పూలే కావాలంటే బతుకమ్మలో పేర్చే గునుగు ఉంది కదా, తడి ఆరాక కోసి ఇదే పద్ధతిలో వేలాడదీయమనండి, ఆకారం చెడదు. నల్లటి సన్న గింజలు రాలుతూనే ఉంటాయి, కింద ఒక పాత పేపర్ పరిస్తే వచ్చే ఏడాది విత్తనం కూడా చేతికొస్తుంది.