షాక్ కొట్టని ట్రాన్సిస్టర్

పోయిన ఆదివారం పొద్దున, నా పాత కారు ఇంజన్ నడుస్తుండగానే, ప్లగ్గుల్లో నిప్పురవ్వ పుట్టించే ఇగ్నిషన్ బాక్స్ మీదున్న ట్రాన్సిస్టర్‌ని స్క్రూడ్రైవరుతో విప్పి అరచేతిలో పెట్టుకున్నాను. ఇంజన్ ఆగలేదు. కనీసం దగ్గను కూడా దగ్గలేదు. కరెంటుని కోసి ప్లగ్గులకి పంపాల్సిన ముఖ్యమైన భాగాన్ని పీకి చేతిలో పట్టుకున్నా బండి హాయిగా గుర్రుమంటూనే ఉందంటే రెండే అవకాశాలు. ఒకటి, నా చేతిలో ఏదో మహిమ ఉంది. రెండు, ఆ ట్రాన్సిస్టర్ ఉత్తది. మా ఆవిడని అడిగితే మొదటిదాన్ని ఆలోచించకుండానే కొట్టేసింది.

ఆ వస్తువుని వర్ణించకపోతే నాకు నిద్ర పట్టదు. కోలగా ఉండే ఇనప బిళ్ళ, మధ్యలో టోపీలా ఉబ్బెత్తు, రెండు చివర్లా రెండు స్క్రూలు. పెట్టె నారింజ రంగు, దాని నెత్తిన ఈ బిళ్ళ వెండి కిరీటంలా మెరుస్తూ. విప్పి చూస్తే కింద వైరు లేదు, కాలు లేదు, కాలు దూరడానికి కన్నం కూడా లేదు. నున్నటి అల్యూమినియం. సభలో ముఖ్య అతిథి గారు శాలువా కప్పుకుని మధ్య కుర్చీలో కూర్చుంటారు చూడండి, సభ దేని గురించో ఆయనకి తెలియదు, ఆయన లేచి వెళ్ళిపోయినా సభ ఆగదు. ఆ టైపు. ఉత్సవ విగ్రహమైనా నయం, ఊరేగింపుకైనా పనికొస్తుంది.

బండి నాదే. 1974 ప్లిమత్ వాలియంట్, డల్లాస్ శివార్లలో ఒక ముసలాయన షెడ్డులోంచి కొన్నాను. 225 క్యూబిక్ అంగుళాల ఇంజన్, ఆరు సిలిండర్లు వరసగా, మొత్తం ఇంజనే ముప్పై డిగ్రీలు ఒక పక్కకి వాలి ఉంటుంది, భోంచేసి అరుగు మీద జారగిలబడ్డ మామయ్యలాగా. ఇక్కడి మన తెలుగు మిత్రులందరికీ నేను పిచ్చివాణ్ణని ఏకాభిప్రాయం వచ్చేసింది. "టెస్లా కొనుక్కోక ఈ ఇనప్పెట్టె ఎందుకు బావా" అంటారు. వాళ్ళ కారు ఆగితే యాప్‌లో నోటిఫికేషన్ వస్తుంది, నా కారు ఆగితే వెనక లారీవాడు నోటిఫికేషన్ ఇస్తాడు.

ఆ పెట్టె చేసే పనేంటో రెండు ముక్కల్లో చెప్తాను, తెలిసినవాళ్ళు దాటేయండి. పూర్వం డిస్ట్రిబ్యూటర్‌లో, అంటే మన మెకానిక్‌లు డెల్కో అనేదాంట్లో, పాయింట్లు ఉండేవి. అవి తెరుచుకున్నప్పుడల్లా కాయిల్‌కి వెళ్ళే కరెంటు తెగుతుంది, తెగిన ప్రతిసారీ కాయిల్ వేల వోల్టులు కక్కుతుంది, ప్లగ్గులో నిప్పురవ్వ పుడుతుంది. పాయింట్లు అరిగిపోతాయి, కాలిపోతాయి. క్రైస్లర్ వాళ్ళు 1973 మోడల్ నుంచి అమెరికాలో తయారుచేసిన తమ కార్లన్నింటికీ ఆ బెడద వదిలించేశారు. పాయింట్ల బదులు ఒక పళ్ళ చక్రం, పక్కనే చిన్న అయస్కాంతపు చుట్ట. పన్ను దగ్గరికొచ్చినప్పుడల్లా చుట్టలో చిన్న కరెంటు పుడుతుంది, అది చూసి బానెట్ కింద ఉన్న పెట్టె మీది ట్రాన్సిస్టర్ కాయిల్ కరెంటు కోస్తుంది. కోతే దాని ఉద్యోగం. అందుకే వేడెక్కుతుంది, అందుకే దాన్ని పెట్టె బయట, గాలి తగిలే చోట, లోహానికి అంటించి పెట్టారు. షోకు కోసం పెట్టింది కాదు.

అసలుదాన్ని ఇంజన్ నడిచేటప్పుడు ముట్టుకోవద్దని అప్పటి సర్వీసు పుస్తకాల్లోనే హెచ్చరిక ఉంటుంది, షాక్ కొడుతుందని. ఎంత నిజాయితీ! పని చేస్తోంది కాబట్టి కొడుతుంది. నా బండితో వచ్చిన పాత పెట్టె యాభై ఏళ్ళు పని చేసి, ఒకసారి నాకు మోచేతి దాకా షాకిచ్చి, ఆ తర్వాత గౌరవంగా కన్నుమూసింది. చల్లగా ఉన్నప్పుడు స్టార్టయ్యేది, ఇరవై నిమిషాలకి వేడెక్కి ఆగేది, అరగంట ఆగితే మళ్ళీ పలికేది. రోగం పెట్టెదేనా అని తేల్చుకోవడానికి మా ఆవిడ హెయిర్ డ్రయ్యర్ తెచ్చి పెట్టెకి వేడిగాలి కొట్టాను, ఇంజన్ అప్పుడే ఆగింది. "నా హెయిర్ డ్రయ్యర్ ఏదండీ" అని లోపల్నుంచి కేక కూడా అప్పుడే వచ్చింది.

సరే, కొత్త పెట్టె కోసం పార్టుల షాపుకి వెళ్ళాను. ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి, ఈ ఘట్టాన్ని నేను వారంలో నలుగురికైనా చెప్తున్నాను, చెప్పిన ప్రతిసారీ బీపీ పెరుగుతోంది. కౌంటర్లో ఉన్న పిల్లాడు మంచివాడే, చేతిలో కీబోర్డు, మొహంలో దయ.

"ఏ బండి సార్?"

"ప్లిమత్ వాలియంట్. 1974."

ఆ ప్లిమత్ పేరునే 2001లో ఎత్తేశారు, అప్పటికి ఈ పిల్లాడు పుట్టాడో లేదో. స్పెల్లింగ్ అడిగాడు. చెప్పాను.

"ఏసీ ఉందా సార్?"

"నాకు కావలసింది ఇగ్నిషన్ బాక్స్."

"అది సరే సార్, ఏసీ ఉందా?"

ఇగ్నిషన్‌కీ ఏసీకీ సంబంధమేంటని అడిగితే కంప్యూటర్ అడుగుతోందన్నాడు. పాపం, వాడేం చేస్తాడు. మీసేవలో కూడా అంతే కదా, ఎర్ర చుక్క పెట్టిన గడి నింపకపోతే పేజీ కదలదు. లేదని చెప్పాను. టూ వీల్ డ్రైవా, ఫోర్ వీల్ డ్రైవా అన్నాడు. టూ అన్నాను. ఎన్ని సిలిండర్లన్నాడు.

"ఆరు."

"వీ-సిక్సా?"

"కాదు బాబూ, ఆరూ ఒకటే వరస. ఇదిగో, ఇలా పక్కకి వాలి ఉంటుంది ఇంజన్" అని చెయ్యి ముప్పై డిగ్రీలు వంచి చూపించాను.

వాడు నా చేతినీ, నా మొహాన్నీ చూసి, గొంతు తగ్గించి, "ఇంజన్ని పట్టుకునే మౌంట్లు విరిగిపోయి ఉంటాయి సార్, ముందు అవి మార్చుకోండి. మా దగ్గరున్నాయి" అన్నాడు.

క్రైస్లర్ ఇంజనీర్లు కావాలని వాల్చిన ఇంజన్ని నిటారుగా నిలబెట్టడానికి కౌంటర్లో ఒక పిల్లాడు సిద్ధంగా ఉన్నాడు, స్టాకు కూడా ఉంది! చివరికి లోపలికెళ్ళి రెండు పెట్టెలు తెచ్చాడు. ఒకదానికి నాలుగు పిన్నులు, ఇంకోదానికి ఐదు. ఏది నాది అంటే రెండూ పడతాయనే ఉందన్నాడు. తేడా ఏంటంటే స్టిక్కర్ తిప్పి చూసి "పన్నెండు డాలర్లు" అన్నాడు.

తేడా నేను చెప్తాను. ఐదు పిన్నుల పెట్టెకి నాలుగు కాళ్ళున్న బాలాస్ట్ రెసిస్టర్ కావాలి, కరెంటుని అదుపులో పెట్టే ఆ తెల్ల పింగాణీ ముక్క. నాలుగు పిన్నులది రెండు కాళ్ళ దాంతోనూ నడుస్తుంది, ఐదు కన్నాల సాకెట్‌లోకి కూడా ఎక్కుతుంది, ఐదో కన్నం ఖాళీగా ఉంటుందంతే. ఇంతే రహస్యం. ఫోర్డ్ వాళ్ళైతే ఇంకా ముచ్చటగా, మాడ్యూల్లోంచి, అంటే వాళ్ళ ఇగ్నిషన్ పెట్టెలోంచి, వైర్లు బయటికొచ్చే చోట ఒక రంగు ముక్క పెట్టారు, నీలం, ఎరుపు, పసుపు, తెలుపు, గోధుమ. మన తెల్ల కార్డు, గులాబీ కార్డు లాగా రంగు చూసి జాతకం చెప్పేయొచ్చు, ఎక్కువ బండ్లకి నీలమే. ఈ మాత్రం చదువుకున్నవాడు కౌంటర్లో ఒక్కడుంటే లోకం ఎంత బాగుపడేది. గోడ మీద మాత్రం రెండు బోర్డులున్నాయి. ఒకటి, జీవితకాల వారంటీ. దాని పక్కనే, ఎలక్ట్రికల్ పార్టులు వాపసు తీసుకోబడవు. మరి వారంటీ అంటే ఏంటయ్యా అంటే, చచ్చిపోయిన పెట్టె ఇస్తే అలాంటిదే ఇంకోటి ఇస్తారట. పునర్జన్మ ఉంది, మోక్షం లేదు.

అలా మూడు జన్మలెత్తాను. ఈలోపు సలహాలిచ్చేవాళ్ళు తోడయ్యారు. ఆగిందా, బాక్స్ మార్చు. మళ్ళీ ఆగిందా, కాయిల్ మార్చు. మీటరు పట్టుకుని చూడమన్నవాడు ఒక్కడు లేడు. పికప్ చుట్టని, అదే పళ్ళ చక్రం పక్కనున్న అయస్కాంతపు చుట్టని, కొలిస్తే 150 నుంచి 900 ఓముల మధ్య చూపించాలి, నాది చూపించింది. తాళం తిప్పి పట్టుకున్నంతసేపూ ఇంజన్ నడిచి, వదలగానే ఆగిపోతే దోషం పెట్టెది కాదు, బాలాస్ట్‌ది. నాది అలా లేదు. పెట్టెకి ఎర్తింగ్ బోల్టుల ద్వారానే కాబట్టి కింద రంగు గీకాలి, గీకాను. పళ్ళ చక్రానికీ చుట్టకీ మధ్య సందు అంగుళంలో వెయ్యింట ఎనిమిది వంతులు, అదీ అయస్కాంతానికి అంటుకోని ఇత్తడి రేకుతో చూడాలి, చూశాను. అన్నీ బాగున్నాయి. పోయినవల్లా ఆ కొత్త పెట్టెలే, వరసగా.

రెండోది ఎక్కడ పోయిందో చెప్తాను. ఆగస్టు నెల, మధ్యాహ్నం మూడు, ఫ్రీవేలో ఎడమ పక్క చివరి లేన్. పక్క సీట్లో తెనాలి నుంచి వచ్చిన మా నాన్నగారు, డెబ్బై ఆరేళ్ళ మనిషి. ఇంజన్ ఠక్కున ఆగింది. వెనక పద్దెనిమిది చక్రాల లారీ, దాని హారన్ మోత నాకిప్పటికీ నిద్రలో వినిపిస్తుంది. ఎలా పక్కకి లాగానో నాకే తెలియదు. నాన్నగారు చెమటలు తుడుచుకుని, "మన ఫియట్టే నయంరా, ఆగితే పాయింట్లకి గరుకు కాగితం పెట్టి నాలుగు రాపులు రాపితే ఇంటిదాకా వచ్చేది" అన్నారు. నవ్వుదామనుకున్నాను, నోరు రాలేదు.

అందుకని ఈ పెట్టెలు తయారుచేసేవాళ్ళని అడుగుతున్నాను. ట్రాన్సిస్టర్‌ని లోపల పెట్టుకోండయ్యా, కాదన్నదెవరు? యాభై ఏళ్ళలో ఎలక్ట్రానిక్స్ చిన్నవయ్యాయి, బియ్యపు గింజంత దాంతో అదే పని చేయించొచ్చు, అలా చేశామని డబ్బా మీద రాస్తే సంతోషంగా కొంటాను. కానీ మీరు ఒక ఉత్త బిళ్ళని పోత పోయించారు. దానికి టోపీ చెక్కించారు. దానికి రెండు స్క్రూలు కొన్నారు, ఆ స్క్రూలు బిగించడానికి ఒక మనిషికి జీతమిచ్చారు. ఎక్కడో ఒక ఏసీ గదిలో, టీ తాగుతూ, "కొనేవాడు పైన ట్రాన్సిస్టర్ ఉందో లేదో చూస్తాడు, ఒకటి అతికించండి" అని ఎవడో అన్నాడు, మిగతావాళ్ళు తలలూపారు. వేడి బయటికి పోవడానికి పెట్టాల్సిన వస్తువుని నకలు చేసి, అసలుదాన్ని తారు లాంటి ముద్దలో ఊపిరాడకుండా పాతిపెట్టారు. నేను కొన్నవాటిలో చచ్చినదాన్ని సుత్తితో పగలగొట్టి చూశాను కాబట్టి చెప్తున్నాను. పార్టు నాసిరకమైతే క్షమిస్తాను, చేతకాలేదనుకుంటాను. ఇది చేతకానితనం కాదు. ఆ బిళ్ళకి పెట్టిన ఖర్చులో సగం లోపలి ముక్కకి పెట్టినా మా నాన్నగారికి ఆ లారీ హారన్ వినాల్సిన అవసరం ఉండేది కాదు. సిగ్గుండాలి కదా కొంచెమైనా.

సరే. బీపీ మాత్ర వేసుకున్నాను.

చివరికి ఏం చేశానంటే, జనరల్ మోటార్స్ వాళ్ళు 1975 నుంచి అమెరికాలో చేసిన తమ కార్లకి పెట్టిన నాలుగు పిన్నుల మాడ్యూల్ ఒకటి తెచ్చాను, బిస్కెట్ ముక్కంత ఉంటుంది. క్రైస్లర్ కారులో జనరల్ మోటార్స్ మాడ్యూలంటే కొందరు శుద్ధవాదులకి ఇది మతాంతర వివాహం, నాకు ఇల్లు చేరడం ముఖ్యం. పికప్ వైర్లు రెండూ ఒక పక్క రెండు పిన్నులకి, బి అన్నదానికి పన్నెండు వోల్టులు, సి అన్నదానికి కాయిల్ నెగటివ్. బాలాస్ట్ తీసేసి దానికి తగ్గ కాయిల్ పెట్టాను. మందపాటి అల్యూమినియం పలక మీద, వేడి లాగే తెల్ల పేస్టు తమలపాకుకి సున్నం రాసినంత పలచగా రాసి బిగించాను. పేస్టు మరిచిపోతే మాడ్యూల్ మాడిపోతుంది, ఎక్కువైతే బట్టలు పాడవుతాయి, రెండూ అనుభవమే. అప్పటినుంచి నాలుగు వేల మైళ్ళు తిరిగాను, ఒక్కసారీ ఆగలేదు.

పలకని ఎక్కడ పెట్టాలా అని చూస్తే నారింజ పెట్టె వెనక సరిపడా చోటుంది. పెట్టె తీసేస్తే అక్కడ బోసిగా ఉంది, నాలుగు కన్నాలు కనిపిస్తూ. అందుకని ఏ వైరూ తగిలించకుండా దాన్ని మళ్ళీ దాని చోట్లోనే బిగించేశాను, ఆదివారం నేను పీకి చూసింది దాని మీది బిళ్ళనే. నిన్న పాత కార్ల కలయికకి వెళ్తే ఒక పెద్దాయన బానెట్ కిందికి వంగి, "ఆహా, ట్రాన్సిస్టర్‌తో సహా ఒరిజినల్ పెట్టె! ఈ రోజుల్లో ఇలా ఉంచేవాళ్ళు ఎక్కడున్నారు" అని ఫొటో తీసుకున్నాడు. నేను వినయంగా నవ్వాను. ఇంటికొచ్చే దారిలో బిళ్ళ కొంచెం టకటకలాడుతోంది, గ్యారేజీలో దిగగానే ఆ రెండు స్క్రూలూ ఇంకాస్త బిగించాను.