పదకొండు బకెట్లు

నా కడుపుకి బస్సు టికెట్టు చూపిస్తే చాలు, లోపల బ్యాండుమేళం మొదలవుతుంది. చుట్టాలింటికి వెళ్తే కుశలప్రశ్నల కంటే ముందు బాత్రూం ఎటో కనుక్కునే రకం నేను.

డాక్టరుగారు అంతా విని ఐబీఎస్ అన్నారు, అంటే పేగు చూడ్డానికి బాగానే ఉన్నా దాని పనితీరు గాడి తప్పడమట. మూడు నెలలుగా వారానికి ఒక రోజైనా నొప్పి రావడం, వెళ్లొస్తే నొప్పి తగ్గడం, వెళ్లే లెక్క మారిపోవడం, వీటిని బట్టే చెప్పేస్తారట. "ఇది కొలనోస్కోపీలో కనబడదండీ" అంటూనే కొలనోస్కోపీ రాశారు, పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష. నేను తెల్లబోయాను. "కుర్రాడై ఉండి, రక్తం పడటం, బరువు తగ్గడం లాంటివి లేకపోతే అక్కర్లేదు. మీకు యాభై దాటాయి, హిమోగ్లోబిన్ కూడా తగ్గింది. పుండ్లు, గడ్డలు లేవని తేల్చుకోవాలిగా" అన్నారు. పెళ్లికొడుకు గురించి ఊళ్లో వాకబు చేసినట్టన్నమాట.

ముందురోజు అన్నం బంద్. కొబ్బరినీళ్లు, పాలు లేని టీ. సాయంత్రం రెండు లీటర్ల నీళ్లలో పేగు ఖాళీ చేసే విరేచనాల పొడి కలిపి, పావుగంటకో గ్లాసు. గ్యాసు పోయిన ఉప్పుసోడా రుచి. మూడు గ్లాసులైనా చలనం లేదు. "పొడి నకిలీదేమోనే" అన్నాను మా ఆవిడతో. జవాబు వినే టైం దొరకలేదు.

నాలుగోసారి లోపల ఉండగా కుళాయి ఘుర్రుమని ఆగిపోయింది. అపార్ట్‌మెంట్ మోటారు కాలిపోయిందట! నేను లోపల్నుంచి కేకలు, మా ఆవిడ బయట్నుంచి ఫోన్లు. కంగారులో అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోనే పెట్టేసింది: "మావారికి అర్జెంటు. నీళ్లు కావాలి." పైఫ్లాటు పిన్నిగారు బిందెడు నీళ్లతో పాటు వాము కూడా పంపారు. ఆ వాము తింటే అసలు సంగతి ఆగిపోతుందేమోనని భయం.

వాచ్‌మన్ పక్క వీధి బోరు నుంచి నాలుగో అంతస్తుకి బకెట్లు మోశాడు. ఆరో బకెట్ దగ్గర ఆగి, "చుట్టాలొచ్చారా సార్?" అన్నాడు.

మర్నాడు మత్తిచ్చారు. కళ్లు తెరిచేసరికి పరీక్ష అయిపోయింది. "పేగు అద్దంలా ఉంది, బాగా క్లీన్ చేసుకొచ్చారు" అని నర్సు మెచ్చుకుంది. ఆ మెప్పు నాది కాదని చెప్పలేకపోయాను. రిపోర్టులో గులాబీ రంగు సొరంగం ఫొటోలు, కింద ఒకే మాట: నార్మల్.

గేటు దగ్గర వాచ్‌మన్ ఎదురొచ్చాడు.

"ఏం తేలింది సార్?"

"ఏమీ లేదు."

భుజం పట్టుకుని నొక్కుకుంటూ నన్నోసారి పైనుంచి కిందకి చూశాడు. "పదకొండు బకెట్లు సార్... ఏమీ లేదా?"